ముప్పై ఒకటిన్నర

బ్రాడీపేట నాలుగో లైన్లో మా ఇల్లు
మొదటి సమ్మెట దెబ్బకి దగ్గింది.
దుమ్ము కాదు, కారం.
అటక మీద ఏ ఏడాది జాడీ పగిలి ఇంకిపోయిందో,
మస్తాన్ వలీ, అతని కూలీలిద్దరూ, నేనూ
తుమ్ముతూ వీధిలోకి పరిగెత్తాం.
"గుంటూరు ఇల్లమ్మా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ,
"ఊరికే పడదు."

ఎస్టిమేటు మూడు లక్షల ఇరవై.
వంటిల్లు, రెండు బాత్రూములు, పడగ్గదిలో అల్మరాలు.
కాగితం మీద ఎంత పొందిగ్గా ఉందో!
మా ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని
పది రోజులు తాయెత్తులా మోశారు.
పదకొండో రోజు యేసోబు బాత్రూం గోడ తవ్వి
ఇనప గొట్టం ముక్క కోసి నా చేతిలో పెట్టాడు.
బయటికి బొటనవేలంత లావు.
లోపల తుప్పు పేరుకుని పేరుకుని
చిటికెనవేలు దూరని కంత.
"ఇందులోంచేనా అమ్మా ఇన్నాళ్ళూ?"
ఇందులోంచే, యేసోబూ.
తలంట్లూ, పురిటి స్నానాలూ,
పిల్లల జ్వరాలకి తడిగుడ్డలూ.
ధార సన్నబడిందని కుళాయిల్నే మార్చాం,
మూడుసార్లు.

స్నానాలు ఎదురింటి సుగుణకుమారి వాళ్ళింట్లో.
సబ్బుపెట్టె పట్టుకుని వీధి దాటుతుంటే
కొత్తగా కాపరానికొచ్చినంత సిగ్గు.
వంట హాల్లో, ఒంటి పొయ్యి మీద, టీవీ కింద.
వార్తలు చదివే అమ్మాయి ఎదురుగా
పప్పు పొంగి నేలపాలైంది.
ఆ అమ్మాయి తొణకలేదు.

అసలు సంగతి గట్టు దగ్గరొచ్చింది.
పాత గట్టు మా అత్తగారిది.
కనకరత్నంగారు ఐదడుగుల ఏడంగుళాలు,
గుమ్మాల దగ్గర తల వంచే అలవాటున్న మనిషి.
నేను నాలుగూ తొమ్మిది.
ఇరవయ్యారేళ్ళు పీటెక్కి వండాను.
పీట మీద రెండు పాదాల మేర నునుపు,
కుడివైపు కాస్త గుంట,
పోపుల డబ్బా అటు ఉండేది కనక.

"ఎత్తు ఎంత పెట్టమంటారు?"
మస్తాన్ అడిగింది మా ఆయన్ని.
"అందరూ పెట్టించుకునేదే పెట్టు."
నేను వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను,
చెప్పులు విడిచి, మోచెయ్యి మడిచి.
కుర్రాడు టేపు పట్టి, మోచేతికి బెత్తెడు కిందుగా,
చెవి మీది పెన్సిలు తీసి గీత గీశాడు.
ముప్పై ఒకటిన్నర.
జాకెట్టు కుట్టే రంగారావు తప్ప
ఈ ఊళ్ళో నన్నెవరూ కొలవలేదు.

"రేపు పొడుగాటి కోడలొస్తే?" అన్నారు ఆయన.
"వస్తే ఆ అమ్మాయే పగలగొట్టించుకుంటుంది."

మర్నాడు కడప బండ ఊడదీసి, సున్నం గీకితే
ఇటికల మీద బొగ్గుతో అడ్డగీత.
పక్కన ముప్పై ఎనిమిది.
ఇంకా పక్కన, వంకర అక్షరాల్లో,
అమ్మగారి కొలత.

సమ్మెట ఆగింది.
ఆవిడ కూడా ఓ పొద్దున ఇక్కడే నిలబడిందన్నమాట,
చెప్పులు విడిచి.
లైనంతా కింద కూచుని వండే రోజుల్లో
ఎవరితో ఏం వాదించి నిలబడిందో.
బతికుండగా పీట కనపడినప్పుడల్లా
"పొట్టిదానా" అనేది.
నాకది గట్టిగా గుచ్చుకునేది.

"చెరిపెయ్యమంటారా?"
"వద్దు. దాని మీదే పలకలు అతికించు."
కుర్రాడు నా గీత దగ్గర పెన్సిలు పట్టుకుని ఆగాడు,
ఏం రాయాలని.
అమ్మగారు అని రాయబోతే
వకుళ అని చెప్పాను.

బిల్లు ఐదు లక్షలు దాటింది.
జేబులో కాగితం గురించి ఎవరం ఎత్తడం లేదు.
చీమకుర్తి నల్లరాయి మీద మొదటి పొద్దున
పాలు పెట్టబోయి, కాలెత్తాను.
లేని పీట మీద
మడమ ఓ క్షణం గాల్లో తడుముకుంది.

పీట పారెయ్యలేదులెండి.
వడ్రంగి బ్రహ్మం పడగ్గది అల్మరాలు
స్లాబు దాకా లేపి కట్టాడు,
చోటు వృథా కాకూడదని.
పై అర అందదు.
కనకరత్నంగారి పట్టుచీరలు అక్కడే ఉన్నాయి,
తెల్లారి ఎండకి వెయ్యాలి.